అష్టావధానంలో పైచేయి ఎవరిది: ఆడవాళ్లదా, మగవాళ్లదా?

ఇక్కడ అష్టావధానమంటే పలు పనులు కలిపి చక్కబెట్టే మల్టీటాస్కింగ్. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఫోన్లో మాట్లాడుతూ కారు నడిపితే రెండూ ఒకే క్షణంలో సాగుతాయి. ఉత్తరం మధ్యలో ఆపి, లెక్క చూసి, మళ్లీ ఉత్తరానికి వస్తే మాత్రం ఏ క్షణంలోనైనా చేతిలో ఉన్నది ఒక్క పనే. పరీక్షలో ఏది పెట్టారన్నదాన్ని బట్టి గెలిచేవాళ్లు మారిపోతారు.

2013లో వచ్చిన రెండు అధ్యయనాలే చూడండి. బ్రిటన్‌లో గైస్‌బర్ట్ స్టూట్ బృందం 120 మంది ఆడవాళ్లకు, 120 మంది మగవాళ్లకు కంప్యూటర్ మీద మార్చి మార్చి చేయాల్సిన రెండు పనులు ఇచ్చింది. విడివిడిగా చేసినప్పటికన్నా మగవాళ్లు 77 శాతం, ఆడవాళ్లు 69 శాతం నెమ్మదించారు. అదే ఏడాది స్వీడన్‌లో తిమో మాంటిలా తెర మీద ఒకేసారి నడిచే అంకెల కౌంటర్లను కనిపెట్టుకుని ఉండే పని పెడితే మగవాళ్లు ముందున్నారు. ఆ తేడా స్థల జ్ఞానంతో, అంటే వస్తువుల అమరికను మనసులో ఊహించుకునే శక్తితో ముడిపడిందని ఆయన తేల్చాడు. 2019లో జర్మనీలో 48 మంది ఆడవాళ్లు, 48 మంది మగవాళ్లతో రెండు రకాల పనులనూ పరీక్షిస్తే తేడా కనిపించలేదు. ఇద్దరి వేగమూ, కచ్చితత్వమూ ఒకేలా పడిపోయాయి.

ఆ 77ను, 69ను మళ్లీ చూడండి. జనం చెప్పుకునేది మధ్యనున్న 8 గురించి. అసలు దెబ్బ 69 దగ్గరే తగిలేసింది! అందుకే ఆడా మగా పోలిక కన్నా, పనులు కలపాలా విడిగా చేయాలా అన్న పోలికే పనికొస్తుంది. అందులో విడిగా చేయడమే మేలు. డ్రైవింగ్ సిమ్యులేటర్‌తో 200 మందిని పరీక్షించిన 2010 నాటి అమెరికా అధ్యయనంలో రెండో పని తోడైనా తడబడనివాళ్లు 2.5 శాతమే.

మరి ఇంట్లో ఆడవాళ్లే నాలుగు పనులు చక్కబెడుతుంటారు కదా అంటే, అది ఎవరి నెత్తిన ఎంత పని పడిందన్న లెక్క. చేయాల్సిరావడం వేరు, చేయగలగడం వేరు.

మీకు మీరే కొలుచుకోవచ్చు. కాగితం మీద 1 నుంచి 12 దాకా, తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు ఏ నుంచి ఎల్ దాకా రాసి సమయం పట్టండి. తర్వాత 1, ఏ, 2, బి అంటూ మార్చి మార్చి రాయండి. రాసే గుర్తులు అవే 24 కాబట్టి, అదనంగా పట్టిన సమయమంతా పని మారినందుకు చెల్లించిన మూల్యం. చివర్లో విడివిడి వరసలు మరోసారి రాసి, రెండు సార్లకూ సగటు తీయండి. లేకపోతే చెయ్యి అలవాటు పడటం వల్ల వచ్చిన వేగం లెక్కను చెడగొడుతుంది. తప్పులు కూడా లెక్కపెట్టండి, తొందరపడి తప్పులు రాసినవాళ్లు వేగంగా ఉన్నట్టే కనిపిస్తారు. ఇద్దరిని పోల్చాలంటే సెకన్లు కాదు, ఎవరి మామూలు వేగం మీద వాళ్లు ఎంత శాతం నెమ్మదించారో చూడాలి.