బెంగళూరులో టిగ్ మెషిన్ కొంటున్నారా? డీసీ మెషిన్‌ని ఏసీ అని అంటగడుతున్నారు, జాగ్రత్త

టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో, టంగ్‌స్టన్ పుల్ల మొన నుంచి వచ్చే ఆర్క్ అనే కరెంటు మెరుపుతో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి) కొత్తగా నేర్చుకుంటూ సొంత మెషిన్ కొందామనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. సిటీ మార్కెట్ వైపు ఒక షాపులో అల్యూమినియం కూడా పడుతుందని చెప్పి నాకు ఉత్త డీసీ మెషిన్ అమ్మారు.

షాపతను చక్కటి తెలుగులోనే మాట్లాడాడు. "మనవాళ్ళని మోసం చేస్తామా సార్" అన్నాడు. అల్యూమినియం సంగతి అడిగితే మెషిన్‌ని వెనక్కి తిప్పి, వివరాలు రాసి ఉన్న రేకు మీద "ఏసీ 230 వోల్ట్" అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. అది ప్లగ్గులోంచి మెషిన్‌లోకి వెళ్ళే కరెంటు. సింగిల్ ఫేజ్ మెషిన్ ఏది కొన్నా ఇంచుమించు అలాగే రాసి ఉంటుంది. టార్చ్‌కి (వెల్డింగ్ చేసేటప్పుడు చేత్తో పట్టుకునేదానికి) వచ్చేది ఏమిటో తెలియాలంటే అదే రేకు మీద అవుట్‌పుట్ గడి చూడాలి. గీత, దాని కింద చుక్కగీత ఉంటే డీసీ. పక్కన అల గుర్తు కూడా ఉంటేనే ఏసీ.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీదుండే ఆక్సైడ్ పొర మాత్రం 2000 దాటితే గానీ కరగదు. ఏసీలో కరెంటు అటూ ఇటూ మారుతూ ఆ పొరని చెదరగొడుతుంది. మామూలు డీసీలో పొర అలాగే ఉండిపోతుంది, లోపల లోహం కరిగిపోతుంది. ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించే కడ్డీ) ముట్టిస్తే కలవదు, ఉండకట్టి పక్కకి జారుతుంది. చూస్తుండగానే ముక్కకి చిల్లు పడుతుంది.

సరే, స్టీల్ మీదైనా నేర్చుకుందామంటే అదీ లేదు. మెషిన్‌తో పాటు వాళ్ళే ఇచ్చిన ఆర్గాన్ సిలిండర్‌తో ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) రేకు మీద ఎంత జాగ్రత్తగా వేసినా బీడ్ (వెల్డింగ్ గీత) నల్లగా మసిబారేది, మధ్యలో సూది బెజ్జాలు. ఫోన్ చేస్తే, "చేయి కుదరాలి సార్, టైమ్ పడుతుంది" అని సమాధానం. కొత్తవాళ్ళ దగ్గర ఈ మాట భలే చెల్లుతుంది, ఎందుకంటే చేయి కుదరలేదన్నదీ నిజమే!

పీణ్యా పారిశ్రామిక వాడలో ఫ్యాబ్రికేషన్ చేసే మేస్త్రీ ఒకాయన తన సిలిండర్ని నా టార్చ్‌కి తగిలించి చూశాడు. మెషిన్ అదే, చేయి నాదే, ఒకటిన్నర ఎంఎం రేకే, 60 ఆంపియర్లు, గ్యాస్ నిమిషానికి 8 లీటర్లు. బీడ్ వంకరటింకరగానే వచ్చింది, కానీ లేత బంగారు రంగులో మెరిసింది. అంటే తేడా గ్యాస్‌లో ఉందన్నమాట. టిగ్‌కి 99.99 శాతం ఆర్గాన్ కావాలి. టంగ్‌స్టన్‌ని కరిగిన లోహంలో ముంచేస్తే మొన ఉండకట్టి ఆర్క్ పక్కకి పోతుంది, అది మన తప్పే. దేనికీ తగలకుండానే మొన నల్లబడుతుంటే చేతిని తిట్టుకోవద్దు; గ్యాస్, గొట్టం, పోస్ట్‌ఫ్లో (ఆర్క్ ఆగాక కూడా కాసేపు గ్యాస్ రావడం) చూడండి.

హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) స్టార్ట్ ఉందని షాపతను చెప్పిందీ అబద్ధమే, టంగ్‌స్టన్‌ని ముక్క మీద గీస్తే గానీ ఆర్క్ రావట్లేదు. నిజమైన హెచ్ఎఫ్ అయితే టంగ్‌స్టన్ తగలకుండా బటన్ నొక్కగానే అంటుకోవాలి. ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే 200 ఆంపియర్లని చూసి కూడా మురిసిపోకండి, దానికి డ్యూటీ సైకిల్ ఎంతో వెనక రేకులో చూడండి. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే నడపాలి.

వెనక్కి ఇస్తానంటే "వాడేసిన మెషిన్ తీసుకోం" అన్నారు. బిల్లు తీసి చూస్తే "టిగ్ మెషిన్ 1" అని తప్ప మోడల్ నంబర్ లేదు, ఏసీ అన్న మాటా లేదు. అక్కడే పేచీ పెడుతున్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు.

మీరు వెళ్ళేటప్పుడు జేబులో ఒక అల్యూమినియం ముక్క వేసుకెళ్ళండి. వాళ్ళ గ్యాస్‌తోనే, మీ కళ్ళముందే దాని మీద బీడ్ వేయమనండి. మోడల్ నంబర్, "ఏసీ డీసీ", "హెచ్ఎఫ్" అని జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి. సిలిండర్ డిపాజిట్‌కి వేరే రసీదు అడగండి. ఇందులో ఏ ఒక్కదానికి నసిగినా పక్క షాపు చూసుకోండి.