ఓఆర్ఆర్ సోలార్ సైకిల్ ట్రాక్: భీమిలి వెళ్ళేవాళ్ళ కోసం ఒక రివ్యూ

హైదరాబాద్‌లో రోడ్ బైక్ కొన్నవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన తొక్కాలని మనసు పుడుతుంది. దానికి ఇక్కడ సాధన ఎక్కడ అంటే అందరూ చూపించేది ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కనున్న సోలార్ ట్రాక్. చూపించడంలో తప్పు లేదు. అయితే ఆ ట్రాక్ నేర్పేది సగమే. మిగతా సగం ఏమిటో తెలియకుండా వెళ్తే రుషికొండ దాటాక చేతులు వణుకుతాయి.

ముందు ట్రాక్ సంగతి. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. అప్పటి లెక్క ప్రకారం మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. వెడల్పు నాలుగున్నర మీటర్లు, అందులో మూడు వరసలు. నెత్తిన సోలార్ పలకలు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. కోకాపేట చుట్టుపక్కల రోడ్డు పనులు ఎప్పుడూ ఏవో ఒకటి నడుస్తుంటాయి కాబట్టి ఏ ముక్క తెరిచి ఉందో వెళ్ళే ముందే కనుక్కోవడం మంచిది.

దూరాల లెక్క సులువు. నానక్‌రామ్‌గూడ వైపు ఒకసారి పోయొస్తే 17, కొల్లూరు వైపు ఒకసారి పోయొస్తే 29. వంద కిలోమీటర్లకు సిద్ధం కావాలంటే కొల్లూరుకు మూడుసార్లు, అకాడమీ వైపు ఒకసారి తిరిగితే 104 అవుతుంది. విసుగు పుట్టే మాట నిజమే. కానీ లారీ హారన్ లేకుండా, స్పీడ్ బ్రేకర్ లేకుండా అన్ని కిలోమీటర్లు ఒకే లయలో తొక్కే చోటు నగరంలో ఇంకోటి దొరకదు.

ఈ లయే ట్రాక్ ఇచ్చే అసలు లాభం. చదునైన దారిలో కాలు ఎంత వేగంగా తిరుగుతోందో గమనించుకోవచ్చు. 50-34 పళ్ళ క్రాంక్ (పెడళ్ళ దగ్గర 50 పళ్ళది ఒకటి, 34 పళ్ళది ఒకటి, రెండు పళ్ళేలు) ఉంటే ముందు 34, వెనక 17 పెట్టి నిమిషానికి 90 చుట్లు తిప్పండి, 28 టైరు (28 మిల్లీమీటర్ల వెడల్పుది) మీద గంటకు 23 కిలోమీటర్లు వస్తుంది. అదే 90 చుట్లతో ముందు 50, వెనక 19 పెడితే 30 వస్తుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు పెద్ద పళ్ళేనికి ఎక్కించి 60 చుట్లతో బరువుగా నొక్కడం. అరగంటకే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది, దాన్ని సీటు ఎత్తు మీదకు నెట్టేస్తారు. గంటసేపు 85-95 మధ్య నిలబడగలిగితే భీమిలి దారి కాళ్ళకు పెద్ద సమస్య కాదు.

వేగం కొలవడానికి జీపీఎస్ మీద ఆధారపడకండి. నెత్తిన పలకలు ఉన్నప్పుడు ఆకాశం సగమే కనబడుతుంది, అంకెలు ఎగిరెగిరి పడతాయి. చక్రం హబ్‌కు తగిలించే స్పీడ్ సెన్సర్ పెట్టుకుని, అందులో చక్రం చుట్టుకొలత 2136 మిల్లీమీటర్లని ఇస్తే 28 టైరుకు సరిపోతుంది.

లోపాలకు వద్దాం. మూడు వరసలంటే ఒక్కోటి మీటరున్నర. ఎదురుగా వచ్చేవాళ్ళు ఉండగా ఇద్దరు పక్కపక్కన తొక్కితే ఇరుకే. ఆదివారం ఉదయం పిల్లల సైకిళ్ళు, అద్దె సైకిళ్ళు, నడకకు వచ్చినవాళ్ళు అందరూ అక్కడే. ఆ గంటల్లో గుంపుగా చక్రానికి చక్రం ఆనించి తొక్కడం, స్ప్రింట్లు కొట్టడం మానుకోవాలి. ఆ పనులకు మామూలు రోజుల్లో తెల్లవారుజామున వెళ్ళండి. చీకటి ఉన్నా దీపాలుంటాయి. బెల్లు తప్పనిసరి. కార్బన్ హ్యాండిల్‌కు బెల్లు నామోషీ అనుకునేవాళ్ళకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోవడమే. ఇంకోటి, పలకల నీడా సందుల్లో పడే ఎండా మారిమారి కంటికి కొడుతుంటే ముందున్న గుంత కనబడదు. ముదురు నల్ల అద్దాల కన్నా లేత గోధుమరంగు అద్దాలు నయం.

ట్రాక్ నేర్పనిది గాలి. భీమిలి దారిలో అదే సగం పరీక్ష.

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి దాదాపు పాతిక కిలోమీటర్లు. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. పోయేటప్పుడు సముద్రం కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రానికి, మెల్లగా వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం మీద నుంచి వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ గాలి ఎడమ నుంచి కొట్టి మిమ్మల్ని రోడ్డు మధ్యకు, అంటే బస్సుల వైపు తోస్తుంది. అందుకే తొందరగా బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి చేరాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి కాబట్టి పోయేటప్పుడు వీపు తడుతుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. పోయేటప్పటి వేగం చూసి మురిసిపోకుండా సగం ఓపిక తిరుగు ప్రయాణానికి దాచుకోండి. చలికాలంలో ఈశాన్య గాలి, లెక్క తలకిందులు.

ఈ గాలికి హైదరాబాద్‌లో సాధన ఎక్కడంటే చేవెళ్ళ రోడ్డు. ఆషాఢం గాలి పడమటి నుంచి వీచే రోజుల్లో మర్రిచెట్లు దాటి బయలు వచ్చిన చోట ఎదురుగాలీ పక్కగాలీ రెండూ దొరుకుతాయి. హ్యాండిల్‌ను వేళ్ళతో వదులుగా పట్టుకోవడం, మోచేతులు వంచడం, డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) మీదకు దిగడం అక్కడ నేర్చుకోవాలి. గట్టిగా బిగబట్టేవాళ్ళ సైకిలే ఎక్కువ ఊగుతుంది. 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ముంటే వెనక చక్రానికే ఉంచి, ముందుకు 30 లోపు రిమ్ము వేసుకోండి. పక్కగాలి ముందు చక్రాన్నే తిప్పేస్తుంది. ఇక ఎత్తులకు ట్రాక్‌లో చోటు లేదు. తెన్నేటి పార్క్ దగ్గర, రుషికొండ దగ్గర వచ్చేవి చిన్న ఎత్తులే. జూబ్లీహిల్స్ సందులు నాలుగు ఎక్కితే సరిపోతుంది. వికారాబాద్ అనంతగిరి దాకా పోనక్కర్లేదు, పోతే మంచిదే.

టైరు గాలి విషయంలో ఒక మార్పు అవసరం. మనిషి బరువు 70 కిలోలు, ట్యూబుతో 28 టైరు అయితే ట్రాక్ మీద వెనక 75, ముందు 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) బాగానే నడుస్తుంది. బీచ్ రోడ్డు మీద ఇసుక కొట్టుకొచ్చిన మలుపులు ఉంటాయి కాబట్టి రెంటికీ అయిదేసి తగ్గించండి. ఇసుక మీద బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. వేగం ముందే తగ్గించి నిటారుగా దాటేయాలి.

నీళ్ళ లెక్క కూడా ఇక్కడిది అక్కడ చెల్లదు. హైదరాబాద్ పొడి గాలికి చెమట ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. తీరంలో చెమట కారుతుందే తప్ప ఆరదు. ఇక్కడ గంటకు అర లీటరు తాగేవాళ్ళు అక్కడ ముప్పావు లీటరు లెక్కన పెట్టుకోవాలి. లీటరుకు కలపాల్సిన ఓఆర్ఎస్ పొట్లాన్ని ఒకే బాటిల్‌లో పోస్తే మరీ చిక్కబడి కడుపులో తిప్పుతుంది. రెండు సీసాలకు పంచండి.

భీమిలిలో చూడాల్సినవి ఊళ్ళోనే దగ్గరదగ్గరగా ఉంటాయి. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది. దారిలో ఎర్రమట్టి దిబ్బల్లోకి సైకిల్ దింపకండి. ఒకటి, అవి గాలికీ వానకూ కరిగిపోయే మెత్తటి దిబ్బలు. రెండు, ఆ ఎర్ర ఇసుక చెయిన్‌లో దూరితే గరగరమంటూనే ఇంటికి చేరతారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక సైకిల్‌ను అలాగే గోడకు ఆనించేస్తే ఇక్కడి పొడి వాతావరణమేమీ కాపాడదు, ఉప్పు దాని పని అది చేసుకుపోతుంది. బకెట్ మంచినీళ్ళతో, మెత్తని గుడ్డతో కడగండి. కార్లు కడిగే ప్రెషర్ గన్ వద్దు. అది బేరింగుల్లోని గ్రీజును తోసేసి నీళ్ళు నింపుతుంది. చెయిన్ పూర్తిగా ఆరాక ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ తిప్పి, పది నిమిషాలాగి పైన మిగిలిందంతా తుడిచేయండి. అల్యూమినియం ఫ్రేములో కార్బన్ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) ఉంటే ఆ వారంలోనే బయటికి లాగి, లోపల తుడిచి, కార్బన్ పేస్ట్ రాసి మళ్ళీ దించాలి. ఉప్పు తడి తగిలితే ఆ రెండూ ఒకదానికొకటి పట్టేసుకుంటాయి, తర్వాత షాపువాడు కోసి తీయాల్సి వస్తుంది.