పాత లగ్జరీ కారు, గేర్ స్విచ్: పదేళ్ల వాడకం తర్వాత

ఈ ఆటోమేటిక్ గేర్ల కారు నా చేతికొచ్చి పదేళ్లు దాటింది. వచ్చేనాటికే పాతది. ఇంజిన్‌కి వంక పెట్టలేను, సీట్లు ఇప్పటికీ సోఫాలే. నన్ను ఏడిపించింది గేర్‌బాక్స్ పక్కన ఉండే అరచేతిలో పట్టేంత స్విచ్. గేర్ లివర్ ఏ స్థానంలో ఉందో కారు కంప్యూటర్‌కి చెప్పేది అదే. పీ (పార్క్), ఎన్ (న్యూట్రల్)లలో తప్ప సెల్ఫ్ కొట్టనివ్వనిదీ అదే.

మొదట పీలో తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టలేదు. ఎన్‌లోకి లాగితే ఠక్కున అందుకుంది. నేను వెళ్లి బ్యాటరీ మార్చాను. దండగ! బ్యాటరీ వీకైతే ఎన్‌లో మాత్రం ఎలా కొడుతుందని అప్పుడు తట్టలేదు. కొన్నాళ్లకు డాష్‌బోర్డు మీద గేర్ అక్షరం మాయమవడం, రివర్స్ లైటు వెలగకపోవడం మొదలయ్యాయి. ఆఖరికి ఒకరోజు లింప్ మోడ్‌లో (లోపం కనిపిస్తే కారు తనను తాను కాపాడుకోడానికి నెమ్మదించే స్థితి) పడి, ఒకే గేర్‌లో ఈడ్చుకుంటూ ఇల్లు చేరాను.

చూపించిన షెడ్డులో "గేర్‌బాక్స్ దించాలి" అన్నారు. గేర్‌బాక్స్ ఆయిల్ చూస్తే శుభ్రంగా ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు; లోపల చెడిన జాడ కనిపించలేదు. దించనివ్వలేదు.

నా దగ్గరున్న చౌక స్కానర్ ఇంజిన్ లోపాల కోడ్లే చదువుతుంది కాబట్టి అంతా బాగుందని చూపించింది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని కూడా చదివే స్కానర్ అరువు తెచ్చి పెడితే పీ0705 అని వచ్చింది. లివర్ పొజిషన్ చెప్పే సర్క్యూట్‌లో లోపం అని మాత్రమే దానర్థం. అది వైరు కావచ్చు, కనెక్టర్ కావచ్చు, స్విచ్ కావచ్చు.

గుట్టు విప్పింది లైవ్ డేటా, అంటే స్కానర్ స్క్రీన్ మీద అప్పటికప్పుడు కనిపించే వివరాలు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, లివర్‌ని మెల్లగా జరుపుతూ స్క్రీన్ చూశాను. చల్లగా ఉన్నప్పుడు అన్ని అక్షరాలూ సరిగ్గానే పడ్డాయి. అరగంట తిప్పి తెచ్చి చూస్తే ఆర్ (రివర్స్) అసలు పడలేదు, పీ మిణుకు మిణుకుమంటోంది. లివర్ కేబుల్ వదులైందేమోనని పైన చెక్క ప్యానెల్ విప్పి చూశాను, గట్టిగానే ఉంది. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము. దొరికింది దొంగ అనుకుని శుభ్రం చేశాను. రెండు నెలలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి వేడి మీదే మల్టీమీటర్‌తో స్విచ్ పిన్నులు పట్టుకున్నాను. పీలో కదపకుండా ఉంచినా, సర్క్యూట్ కలిసిందని చెప్పే బీప్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. లోపలి కాంటాక్టులు అరిగిపోయాయి.

కొత్తది బిగించేటప్పుడు లివర్ ఎన్‌లో పెట్టి, స్విచ్ మీది గుర్తులు కలపాలి. నేను వెంట్రుకవాసి తేడాతో బిగిస్తే డీ (డ్రైవ్)లో పెట్టినా స్క్రీన్ మీద ఎన్ అనే చూపించింది. బోల్టులు వదులు చేసి, కొంచెం తిప్పి, మళ్లీ బిగించాక కుదిరింది. బ్రేక్ తొక్కి పట్టుకుని ఆర్, డీలలో సెల్ఫ్ కొట్టడం లేదని కూడా చూసుకున్నాను.

నాలుగేళ్లయింది, మళ్లీ ఆ కోడ్ రాలేదు. చెక్క ప్యానెల్ విప్పినప్పుడు విరిగిన క్లిప్పు మాత్రం గతుకుల్లో ఇంకా కిర్రుమంటోంది.