డ్రమ్స్ వెంటపడి విన్న ఐదు ఆల్బమ్‌లు

ఈ మధ్య కాలంలో కొన్న రాక్, ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే రాక్) ఆల్బమ్‌లలో ఇప్పటికీ వింటూనే ఉన్న ఐదింటి గురించి రాస్తున్నాను. కొన్న వారంలోనే రాసేసే అభిప్రాయాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అప్పుడు మనల్ని పట్టుకునేవి గొంతు, పల్లవి, గిటార్. నెలల తరబడి వింటే ఎంత మంచి పల్లవైనా కంఠతా వచ్చేసి, చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వేరే దేన్నో వెతుక్కుంటుంది. ఈ ఐదింట్లోనూ నా చెవికి దొరికింది డ్రమ్స్.

అన్నిటికన్నా ఎక్కువ విన్నది టెలివిజన్ బ్యాండ్ ‘మార్కీ మూన్’. 1977లో వచ్చింది. దీన్ని అందరూ గిటార్ ఆల్బమ్ అనే మెచ్చుకుంటారు, అందులో తప్పులేదు. గిటారిస్టులు టామ్ వెర్లైన్, రిచర్డ్ లాయిడ్ ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు వాయిస్తారు. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని బొంగురు చేసే పద్ధతి) హోరు ఉండదు, ప్రతి తీగా విడివిడిగా వినపడుతుంది. కానీ ఒక్కసారి గిటార్లని పక్కనపెట్టి డ్రమ్మర్ బిల్లీ ఫిక్కా ఏం చేస్తున్నాడో వినండి. న్యూయార్క్ పంక్ క్లబ్బుల్లోంచి వచ్చిన బ్యాండ్‌లో ఉంటూ ఆయన జాజ్ డ్రమ్మర్‌లా వాయిస్తాడు. దరువు నిలబెట్టి ఊరుకోడు, గిటార్ అన్నదానికల్లా బదులు చెబుతాడు.

టైటిల్ పాటే తీసుకోండి. ఒక గిటార్ ఒంటరిగా మొదలవుతుంది. రెండోది పక్కనుంచి చిన్న మెలిక వేస్తుంది. తర్వాత బేస్. ఇక డ్రమ్స్ అడుగుపెట్టగానే, అప్పటిదాకా కాలితో వేస్తున్న తాళం నాకు తారుమారైపోతుంది. ఇన్నాళ్లు విన్నా అంతే. వెర్లైన్ సోలో మెట్టు మెట్టుగా పైకెక్కుతున్నంత సేపూ ఫిక్కా తొందరపడడు, సోలోని కింద నుంచి కొంచెం కొంచెంగా ఎగదోస్తుంటాడు. పైకి చేరాక అంతా విచ్చిపోయి సన్నటి స్వరాలు మిగులుతాయి. ఇంకో బ్యాండ్ అయితే అక్కడితో ముగించేది. వీళ్లు మళ్లీ మొదటి గిటార్ దగ్గరికే వచ్చి మొదటి చరణం ఇంకోసారి పాడతారు. కొనేవాళ్లకి ఒక మాట: మొదటి ఎల్పీ రికార్డులో ఈ పాట పది నిమిషాలు నిండకుండానే సన్నగిల్లి ఆగిపోతుంది. తర్వాత సీడీలో వేసినప్పుడు 10 నిమిషాల 40 సెకన్ల పూర్తి పాట పెట్టారు. నిడివి చూసుకుని తీసుకోండి, ఆ చివరి ముక్క పోగొట్టుకోవద్దు. ఆల్బమ్ మొత్తంలో నాకు బరువుగా నడిచినట్టనిపించేది ఆఖరి పాట ‘టార్న్ కర్టెన్’ ఒక్కటే.

రేడియోహెడ్ బ్యాండ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ గురించి కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2007 అక్టోబర్‌లో, మీకు తోచినంత ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోండి అని బ్యాండే నేరుగా విడుదల చేసిన ఆల్బమ్. ఆ కబురు పాతబడింది, పాటలు పాతబడలేదు. మొదటి పాట ఐదేసి మాత్రల లెక్కలో నడుస్తుంది, అయినా ఎక్కడా కుంటినట్టు ఉండదు. ‘రెకనర్’ పాటలో డ్రమ్మర్ ఫిల్ సెల్వే వాయిద్యం కోసమే నేను దీన్ని మంచి స్పీకర్ల మీద వింటాను. ఫోన్ స్పీకర్‌లో ఆ సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు మోగే లోహపు పళ్లేలు) ఉత్త గలగలగా మిగిలిపోతాయి.

‘లో’ (Low) అనే బ్యాండ్ 2018లో తెచ్చిన ‘డబుల్ నెగెటివ్’ అందరికీ ఎక్కదు. మొదటి పాట వినగానే స్పీకర్ వైరు వదులైందేమో అనిపిస్తుంది. శబ్దం తెగుతుంది, నలుగుతుంది, బుసకొడుతుంది. దరువు పడ్డప్పుడల్లా గొంతులు లోపలికి కుంగిపోయి మళ్లీ పైకి తేలుతాయి. ఈ బ్యాండ్ డ్రమ్మర్ మిమీ పార్కర్ నిలబడి, ఒకటి రెండు డ్రమ్స్, సింబల్‌తోనే, ఎక్కువగా బ్రష్‌లతో వాయించేది. 1990ల నుంచీ వాళ్ల పాటల నెమ్మదికి ఆధారం ఆ పొదుపే. ఈ ఆల్బమ్‌లో ఆ చిన్న డ్రమ్ సెట్టు కూడా నిర్మాత బీజే బర్టన్ చేసిన ఎలక్ట్రానిక్ విధ్వంసంలో దాదాపు కలిసిపోయింది. దరువు లేని చోట దాన్ని ఊహించుకుంటూ వింటామన్న మాట. మొదటి మూడు పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి, షఫుల్‌లో పెట్టి పాడుచేయకండి. మూడోదైన ‘ఫ్లై’లో ఆ రొద మధ్యనుంచి మిమీ గొంతు పైకి లేచినప్పుడు నాకు ప్రతిసారీ గుండె పట్టేసినట్టవుతుంది. 2022లో ఆమె పోయింది. ఆ సంగతి తెలిసి వింటే ఇంకా కష్టం.

బిగ్ థీఫ్ బ్యాండ్ ‘డ్రాగన్ న్యూ వార్మ్ మౌంటెన్ ఐ బిలీవ్ ఇన్ యూ’ (2022) ఇరవై పాటల డబుల్ ఆల్బమ్. అమెరికాలో నాలుగు చోట్ల, నలుగురు వేర్వేరు ఇంజనీర్లతో రికార్డ్ చేశారు. నిర్మాత ఎవరో కాదు, బ్యాండ్ డ్రమ్మర్ జేమ్స్ క్రివ్‌చేనియానే. అది తెలిశాక చాలా విషయాలు అర్థమయ్యాయి. ‘టైమ్ ఎస్కేపింగ్’లో గిటార్లు కూడా తాళవాద్యాల్లాగే టకటకలాడతాయి. ‘స్పడ్ ఇన్ఫినిటీ’లో ఫిడేలు పక్కన మోర్సింగ్‌లాంటి జా హార్ప్ బొంయ్ బొంయ్ మంటూ దరువులో సగం భారం మోస్తుంది. ‘సిమ్యులేషన్ స్వార్మ్’ నా లెక్కలో ఆ ఏడాది వచ్చిన గొప్ప పాటల్లో ఒకటి. అయితే ఇరవై పాటలూ ఈ స్థాయిలో లేవు. ‘బ్లర్డ్ వ్యూ’ దగ్గర నాకు ప్రతిసారీ ధ్యాస జారిపోతుంది. నాలుగైదు పాటలు తీసేసి ఉంటే ఇంకా గట్టి ఆల్బమ్ అయ్యేది. ఆ వదులుతనం లేకపోతే ఇది బిగ్ థీఫ్ కాదని వాదించే స్నేహితులున్నారు, ఆ వాదన నాకింకా రుచించలేదు.

ఇక ‘బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్’ అనే బ్యాండ్ రెండో ఆల్బమ్ ‘యాంట్స్ ఫ్రమ్ అప్ దేర్’. ఇది 2022 ఫిబ్రవరి 4న వచ్చింది. గాయకుడు ఐజాక్ వుడ్ బ్యాండ్ వదిలేస్తున్నట్టు అంతకు నాలుగు రోజుల ముందే చెప్పాడు. శాక్సొఫోన్, వయొలిన్, పియానో, గిటార్లు కలిపి ఏడుగురు వాయిస్తున్నా ఎక్కడా కిక్కిరిసినట్టుండదు. దీంట్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ‘స్నో గ్లోబ్స్’ దగ్గరికి. ఒక చిన్న గిటార్ వరస తిరుగుతూనే ఉంటుంది. మిగతా వాద్యాలు ఒక్కొక్కటీ వచ్చి దానికి జత కలుస్తాయి, ఏదీ గొంతు పెంచదు. అప్పుడు చార్లీ వేన్ డ్రమ్స్ మీద విరుచుకుపడతాడు. ఆ పాట వేగంతో, తాళంతో అతనికి సంబంధమే లేదు. మిగతావాళ్లు మాత్రం తమ వరస వదలరు, కంగారుపడరు. మొదట్లో ఇది నాకు రెండు పాటలు ఒకేసారి మోగుతున్నట్టుండేది. ఇప్పుడు వింటే వుడ్ నెమ్మదిగా పాడుతూ లోపల అదిమిపెట్టుకున్నదంతా ఆ డ్రమ్స్‌లోంచి బయటికి వస్తున్నట్టుంటుంది. ఆఖర్న పన్నెండు నిమిషాలు దాటే ‘బాస్కెట్‌బాల్ షూస్’ ఉంది. దాన్ని విడిగా వినొద్దు. ముందు పాటల్లోని మాటలూ స్వరాలూ అందులోకి తిరిగొస్తాయి, మొత్తం ఆల్బమ్ విని దాని దగ్గరికొస్తేనే ఆ బరువు తెలుస్తుంది.

వుడ్ వెళ్లిపోయాక మిగిలిన ఆరుగురు ఈ పాటల్ని వేదిక మీద వాయించకూడదనుకున్నారు. పూర్తిగా కొత్త పాటలు రాసుకుని వాటితోనే కచేరీలు చేశారు. అవి 2023లో ‘లైవ్ ఎట్ బుష్ హాల్’గా వచ్చాయి. అదింకా నా దగ్గర లేదు, తర్వాత కొనేది అదే.