అదురు ఆగడానికి పట్టిన ఏడు నెలలు: ఆపరేషన్ అయిన నాలుగేళ్లకు నా సమీక్ష

నా ఎడమ చెవి వెనుక, జుట్టు అంచుకు కాస్త లోపలగా, బొటనవేలంత పొడవున ఒక గీత ఉంది. అది పడి నాలుగేళ్ల రెండు నెలలైంది. ముఖంలో ఒక వైపు కండరాలు వాటంతటవే అదిరే హెమీఫేషియల్ స్పాజమ్ అనే జబ్బుకు, నరాన్ని నొక్కే రక్తనాళాన్ని తప్పించే మైక్రోవాస్కులర్ డికంప్రెషన్ అనే ఆపరేషన్ చేయించుకున్నవారు తమ అనుభవాన్ని ఎక్కువగా మొదటి నెలలోనే రాస్తారు. ఆ ఊపులో రాసిన మాటల్లో సగం, ఆరు నెలల తరువాత చదువుకుంటే, వెనక్కి తీసుకోవాలనిపిస్తాయి. నేనూ అందుకు మినహాయింపు కాదు. ఆపరేషన్ అయిన రెండో రోజు ఉదయం, తల తిరుగుడు ఇంకా తగ్గకముందే, తెలిసినవాళ్ళందరికీ "పూర్తిగా పోయింది" అని సందేశం పంపాను. ఆ సాయంత్రమే నర్సు ఇచ్చిన మాత్ర మింగుతుండగా ఎడమ కంటి కింది రెప్ప మూడుసార్లు కొట్టుకుంది. ఈ సమీక్షను ఆ సందేశానికి సవరణ అనుకోవచ్చు.

జబ్బు గురించి ఎక్కువ చెప్పను; దీన్ని వెతుక్కుంటూ వచ్చి చదివేవారికి అది నాకంటే బాగా తెలిసే ఉంటుంది. చాలామందికి మొదలయ్యేచోటే, కంటి కింది రెప్పలోనే, నాకూ మొదలై, రెండేళ్లలో చెంపకూ పెదవి కొసకూ, మెడ మీది పలుచటి కండరానికీ పాకింది. నిద్రలో కూడా ఆగేది కాదు. నిద్ర చాలకపోవడమనీ, కళ్ళు అలసిపోవడమనీ విని పద్నాలుగు నెలల్లో రెండుసార్లు కళ్ళజోడు మార్చాను. చివరికి జబ్బు పేరు చెప్పిన డాక్టరుకు పట్టినది ఒక్క నిమిషం. కళ్ళు గట్టిగా మూసి తెరవమని, అదురు వచ్చినప్పుడు నా కన్నును కాక దాని పైనున్న కనుబొమ్మను చూశారు. ఈ అదురులో కన్ను మూసుకుంటుంది, అదే క్షణంలో అదే వైపు కనుబొమ్మ పైకి లేస్తుంది. మామూలుగా కన్ను బిగించి మూస్తే కనుబొమ్మ కిందికే దిగుతుంది కదా. 1905లోనే ఫ్రెంచి నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ గమనించిన గుర్తు ఇది. ఇంటికి వచ్చి అద్దం ముందు కుడివైపు అలా చేయబోతే ఎంత ప్రయత్నించినా రాలేదు. ఎడమవైపు మాత్రం అడగకుండానే చేసి చూపించింది.

కండరాన్ని కొన్నాళ్ళు సడలించే బోటులినమ్ ఇంజెక్షన్లతో దాదాపు నాలుగేళ్లు నెట్టుకొచ్చాను, మొదటి రెండేళ్లు వాటికి వీరాభిమానిని కూడా. పొడిపించుకున్న కొద్ది రోజులకు చెంప ఊరుకునేది, మూడు నాలుగు నెలలకు మళ్ళీ లేచేది. నేను లెక్కల టీచర్‌ని. పరీక్షల ముందు నెలలో మందు ప్రభావం అయిపోకుండా తేదీలు సర్దుకోవడం నాకొక అలవాటైపోయింది. అయితే ఒక్కొక్కసారి మోతాదు అటూ ఇటూ అయి పెదవి కొస వాలిపోయేది, నవ్వితే సగం ముఖమే నవ్వేది. ఆ రోజుల్లో నేను బోర్డు మీద అవసరానికి మించి రాస్తున్నానన్న సంగతి పిల్లలకు తెలియదు. బోర్డు వైపు తిరిగి ఉన్నంతసేపూ ఎడమ చెంప ఏం చేసినా ఎవరికీ కనిపించదు, అంతే.

ఆపరేషన్‌కు ఒప్పుకునేనాటికి నాకు 46 ఏళ్లు. రక్తపోటు, మధుమేహం లేవు. సన్నటి పొరలుగా తీసిన ఎంఆర్ఐలో ముఖనరం మెదడు కాండం నుంచి బయటికి వచ్చేచోట ఒక చిన్న ధమని వంపు తిరిగి దాన్ని నొక్కుతూ కనిపించింది. చెవి వెనుక ఎముకలో నాణెమంత కిటికీ తెరిచి, ఆ ధమనిని నరం మీది నుంచి తప్పించి, మళ్ళీ ఆనకుండా మధ్యలో దూదిలాంటి టెఫ్లాన్ పీచు పెడతారు. 1960లలో అమెరికన్ న్యూరోసర్జన్ పీటర్ జానెట్టా ఆపరేషన్ సూక్ష్మదర్శినితో ఈ పద్ధతికి బాట వేశారు. నా విషయంలో అందరూ మెచ్చుకున్నది మరొకటి. ముఖనరం కొమ్మల్లో ఒకదాన్ని చిన్న విద్యుత్తుతో తట్టితే దానికి చెందిన కండరం మాత్రమే కదలాలి. ఈ జబ్బులో కంటి దగ్గరి కొమ్మను తట్టితే గడ్డం దగ్గరి కండరం కూడా పలుకుతుంది. ధమనిని తప్పించగానే ఆ దొంగ పలుకు ఆగిపోతే పని సరైనచోట జరిగినట్టు లెక్క. నాకు తెర మీదే ఆగిపోయిందట. మెలకువ రాగానే ఆ మాట చెప్పారు, నేను దాన్ని చివరి తీర్పుగా తీసుకున్నాను. తెర మీద ఆగడమూ ముఖం మీద ఆగడమూ ఒకటి కాదని తెలియడానికి ఒక పూట చాలింది.

మొదటి వారం గురించి భయపడినంత లేదు. తల లోపల ఏదో తేలుతున్నట్టుండే నొప్పి, వాంతులు, మెడ పట్టేయడం ఉన్నాయి. ముక్కు చీదవద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం కారితే వెంటనే చెప్పాలి అన్నారు. ఐదో రోజున ఇంటికి పంపారు. ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటే, కళ్ళజోడు. దాని ఎడమ కాడ సరిగ్గా కుట్ల మీద వచ్చి కూర్చునేది. మా అక్క చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ కాడ ఊడదీసింది, మూడు వారాలు ఒంటి కాడ కళ్ళజోడుతో చదువుకున్నాను. ఆపరేషన్‌కు వెళ్ళేవారు పాత కళ్ళజోడు ఒకటి ఇలా ముందే సిద్ధం చేసుకుంటే మంచిది.

అసలు కథ పన్నెండో రోజున. ఉదయం పళ్ళు తోముకుని పుక్కిలిస్తే నీళ్ళు ఎడమ పెదవి కొస నుంచి చొక్కా మీదికి ధారగా కారాయి. చేయి జారిందనుకుని మళ్ళీ పుక్కిలించాను, మళ్ళీ కారాయి. ముఖానికి సబ్బు రాసుకుంటే మూసిన ఎడమ కంట్లోకి సబ్బు వెళ్ళింది, మూశానని నేను అనుకున్నాను గాని అది మూసుకోలేదు. కళ్ళు తుడుచుకుని అద్దంలో చూసుకుంటే ఎడమ చెంప ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. నుదుటి మీద కుడి సగంలోనే ముడతలు ఉన్నాయి. ఆరేళ్లుగా ఈ చెంప ఒక్క ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే చాలునని కోరుకున్న మనిషిని నేను. అది కదలకుండా ఉంది. బొత్తిగా కదలడం లేదు.

అక్క నన్ను చూసి ఏమీ అనకుండా ముందు చేతులు రెండూ పైకెత్తమంది, తన పేరు చెప్పమంది, తరువాతే ఫోను తీసింది. అటువైపు జూనియర్ డాక్టరు కూడా అవే ప్రశ్నలు అడిగి, కనుబొమ్మలు ఎత్తమని చెప్పి వీడియోలో చూశారు. ఎడమ కనుబొమ్మ ఎత్తలేకపోయానని తెలిశాక ఆయన గొంతు తేలికపడింది. నుదురు కూడా పడిపోయిందంటే తప్పు చాలావరకు నరంలోనే, మెదడులో కాదన్నమాట. అయినా అదే రోజు రప్పించి పరీక్షించారు. ఆపరేషన్ తరువాత ఒకటి నుంచి మూడు వారాల మధ్య కొద్దిమందికి ఇలా ఆలస్యంగా ముఖ పక్షవాతం వస్తుందనీ, నరంలో నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్ మేలుకోవడం కారణమని అనుమానిస్తారనీ, దాదాపు అందరికీ తగ్గిపోతుందనీ అన్నారు. ఆ "దాదాపు" అన్న మాటను ఇంటికి వచ్చేదాకా లోపల నములుతూనే ఉన్నాను. స్టెరాయిడ్ మాత్రలు, పగలు గంటగంటకూ కంట్లో చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో మూయడం, ఇదీ వైద్యం. టేపు అడ్డంగా వేస్తే తెల్లారేసరికి ఊడిపోయేది. రెప్ప మధ్యలో నిలువుగా ఒకటి, దాని మీద ఏటవాలుగా ఇంకొకటి వేస్తే నిలిచేది. రోజూ రాత్రి అక్క ఆ పని చేసి, "ఏదీ, ఒకసారి నవ్వు" అనేది. కుడివైపు నవ్వేవాళ్ళం ఇద్దరం, ఆవిడ నాకు జతగా తన ముఖం కూడా వంకరగా పెట్టేది.

ఐదో వారం చివర పెదవి కొస సూదిమొనంత కదిలింది. ఏడో వారానికి కన్ను దాదాపు మూసుకుంది. ఎనిమిదో వారంలో, కదలికలు తిరిగి వచ్చిన సంతోషం ఇంకా పాతబడకముందే, వాటి వెంటే అదురు కూడా వచ్చింది. పక్షవాతం ఉన్నన్నాళ్ళూ అదురు లేకపోవడాన్ని ఆపరేషన్ ఫలితమని ఎంచుకున్నాను. పడిపోయిన కండరం ఎలా అదురుతుంది అన్న సాదా ప్రశ్న నాకు తట్టలేదు. ఈ మొత్తం ప్రయాణంలో నేను ఏడ్చినది ఆ రోజు ఒక్కటే.

అప్పటి నుంచి లెక్క పెట్టడం మొదలుపెట్టాను. రోజూ ఉదయం అద్దం ముందు పది నిమిషాలు కూర్చుని అదురుకొక గీత గీసుకున్నాను. ఎనిమిదో వారంలో 31. పదకొండో వారంలో 9. పద్నాలుగో వారంలో జలుబు చేసి రెండు రాత్రులు నిద్ర లేకపోయేసరికి 40. ఆ 40 చూశాక అక్క పుస్తకం దాచేసింది, నేను క్యాలెండర్ వెనక గీయడం మొదలుపెట్టాను. ఐదో నెలలో 4 దగ్గర ఆగి చాలాకాలం అక్కడే కూర్చుంది. ఏడో నెలలో వరుసగా సున్నాలు. చివరి అదురు ఏ రోజు వచ్చిందో మాత్రం నా లెక్కలో లేదు, అది పది నిమిషాలకు బయట ఎక్కడో వచ్చి పోయి ఉంటుంది.

నా ఫిర్యాదంతా ఇక్కడే. ఆపరేషన్‌కు ముందు "టైమ్ పడుతుంది" అన్నారు. ఎంత టైమ్, ఆ టైమ్‌లో ముఖం ఏ ఏ అవతారాలు ఎత్తవచ్చు అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఒత్తిడి తీసేయడం కొన్ని గంటల పని. కాని ఏళ్ల తరబడి ధమని రాపిడికి నరం పైతొడుగు అరిగి ఉంటుంది, మెదడు కాండంలోని ముఖనరపు కేంద్రం కూడా అతిగా ఉలిక్కిపడటం నేర్చుకుని ఉంటుంది. ఇవి కుదుటపడటానికి వారాలు, కొందరికి నెలలు పడతాయి. అందుకే ఏడాది గడవకుండా ఆపరేషన్ విఫలమైందని తేల్చవద్దని ఈ పని చేసే సర్జన్లు చాలామంది అంటారు. ఈ నాలుగు వాక్యాలు నాకు ముందే చెప్పి ఉంటే ఎనిమిదో వారం అంత చీకటిగా ఉండేది కాదు. న్యాయంగా ఒకటి చెప్పాలి. ఈ మధ్య పాత కాగితాలు సర్దుతుంటే నేను సంతకం చేసిన అంగీకారపత్రం దొరికింది. ఫలితం ఆలస్యం కావచ్చని, ముఖ పక్షవాతం రావచ్చని అందులో ఉంది. ఆ రెండు వాక్యాల కింద పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి, అవి నావే.

చెవి సంగతి చివరికి వాయిదా వేస్తూ వచ్చాను. ముఖనరాన్ని ఆనుకునే వినికిడి నరం ఉంటుంది. చిన్నమెదడును పక్కకు జరిపేటప్పుడు దానికి సాగుడు తగలవచ్చు, అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చెవిలో టిక్ టిక్ శబ్దాలు పంపి వినికిడి సంకేతాలను గమనిస్తారు. నా సంకేతాలు కాసేపు మందగించి మళ్ళీ కోలుకున్నాయట. మొదటి మూడు వారాలు చెవిలో నీళ్ళు నిలిచినట్టుండి అది పోయింది. పోనిది సన్నటి గుయ్యి, పాత ట్యూబ్‌లైటు చోకు చేసే చప్పుడు లాంటిది. ఏడాదికి చేసిన పరీక్షలో ఎడమ చెవికి కీచు స్థాయి శబ్దాలు కొంత తగ్గినట్టు వచ్చింది. ఆపరేషన్ గురించి ఎవరు అడిగినా మొదటి రెండేళ్లు నేను ఈ మాట ఎత్తలేదు; అదురు పోయిందనడంలో ఇది కలపడం కృతఘ్నత అనిపించేది.

నన్ను చేయించుకోమంటారా అని అడిగేవారికి నా జవాబు నా పరిస్థితికే చెందినది. ప్రచురితమైన ఫలితాల్లో అనుభవమున్న చేతుల్లో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అదురు పోతుందని ఉంటుంది, నేను ఆ తొమ్మిదిమందిలో ఉన్నాను. అప్పటికి నాకు వేరే జబ్బులు లేవు, మూడు నెలలు సెలవు దొరికింది, రాత్రుళ్ళు టేపు వేసే మనిషి ఇంట్లో ఉంది. డెబ్బై ఏళ్లు దాటి, ఇంజెక్షన్లు బాగా పనిచేస్తున్నవారికి ఇదే మాట చెప్పను. సంగీతం మీద బతికేవారికైతే చెవి సంగతే ముందు చెబుతాను. నాకు కూడా రేపు మళ్ళీ తిరగబెట్టదన్న పూచీ లేదు. అలా జరిగేది చాలావరకు మొదటి రెండేళ్లలోనే అంటారు గనుక ఆ ధీమాతో ఉన్నాను.

ఫోను ఇప్పుడు కుడి చెవికే పెట్టుకుంటాను. తరగతిలో ఎడమ వరుస నుంచి ఎవరైనా మెల్లగా ప్రశ్న అడిగితే సరిగా వినబడదు, సుద్దముక్క బల్ల మీద పెట్టి ముఖం పూర్తిగా వాళ్ళవైపు తిప్పి మళ్ళీ అడగమంటాను.