పాత డీజిల్ పికప్ కొనేవారికి హెచ్చరిక: ఇంజిన్ లైటు వెలగలేదంటే బండి బాగున్నట్టు కాదు

సెకండ్‌హ్యాండ్‌లో డీజిల్ పికప్ కొనబోతున్నవారు, కొన్న కొత్తలోనే బండి లాగడం లేదని షెడ్ల చుట్టూ తిరుగుతున్నవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. పాత బండ్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర నేను బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణాల) పికప్ తీసుకున్నాను. అమ్మేముందు ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాలను స్కానర్‌తో తుడిచేసి, డ్యాష్‌బోర్డు మీద లైటు కనిపించకుండా చేసి నాకు అంటగట్టారు. బండి మొరాయించాక ఆ వ్యాపారే ఒక షెడ్డుకు పంపాడు. అక్కడ దేన్నీ కొలిచి చూడకుండానే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో, డీజిల్‌ను ఒత్తిడితో పంపే హైప్రెషర్ పంపు రెండూ మార్చాలని 60 వేలకు పైగా అంచనా చెప్పారు. అసలు లోపం ఒక రబ్బరు పైపులో ఉంది.

ఖాళీ బండితో ఊళ్లో తిరిగినంతకాలం ఏ తేడా తెలియలేదు. తిరుపతిలో కిరాణా సరుకు ఎక్కించుకుని మదనపల్లె వస్తూ భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరులో ఉన్నట్టుండి బలం పడిపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజిన్ వేగం ఒక స్థాయి దాటలేదు. ఇంజిన్ లైటు వెలిగింది. వెనక బస్సు, ముందు మలుపు, బండి నిండా లోడు. ఆ దారిలో తిరిగేవారికి ఆ క్షణం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఎలాగో పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే లైటు అలాగే ఉంది కానీ బండి మాత్రం మామూలుగానే లాగింది.

ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి. తాళం తిప్పి ఆపి, మళ్లీ స్టార్ట్ చేయగానే బలం తిరిగి వచ్చిందంటే, చాలావరకు లోపలి భాగం ఏదో విరిగి ఆగిపోయిందని కాదు. ఏదో ఒక కొలత తనకు కావలసినట్టు లేదని గమనించిన ఇంజిన్ కంప్యూటర్, నష్టం జరగకుండా డీజిల్‌ను తానే తగ్గించుకుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఏ కొలత తప్పిందన్నది ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. అలా కాకుండా ఎత్తు ఎక్కే కొద్దీ బలం మెల్లగా సన్నగిల్లి, కాసేపు ఆపితే తేరుకుంటుంటే ముందుగా డీజిల్ వైపు అనుమానించాలి. ఫిల్టర్ మూసుకుపోవడం, ఫిల్టర్‌లో నీళ్లు చేరడం, ట్యాంకు నుంచి వచ్చే పైపులోకి గాలి చొరబడటం అలాంటివే.

షెడ్డులో స్కానర్ పెట్టి ‘పి 0299’ అనే కోడ్ చూపించారు. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి ఇంజిన్‌కు అందడం లేదని దాని అర్థం. అంతవరకే. టర్బో పాడైందని ఆ కోడ్ చెప్పదు. ఆ షెడ్డు పెద్దమనిషి మాత్రం కోడ్ చూసీ చూడగానే ‘టర్బో పోయింది, ఈ మోడల్‌కు ఇది మామూలే, పంపు కూడా మార్చేస్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు’ అన్నాడు. కంప్యూటర్ ఎంత ఒత్తిడి అడిగింది, ఎంత వచ్చింది అని అడిగాను. జవాబు లేదు. అంచనా కాగితం మీద రాసిమ్మంటే రాయలేదు. జీఎస్టీ బిల్లు ఇస్తారా అంటే ధర పెరుగుతుందన్నాడు. బండి వెనక్కి తీసుకుని వచ్చేశాను.

డీజిల్ పంపుల పనిలో తల నెరిసిన మరో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన కోడ్ మీద ఎక్కువసేపు ఆగలేదు. ‘లోడు దించకుండా తీసుకొచ్చారు, మంచి పని చేశారు’ అని నన్ను నడపమని, తాను పక్కన కూర్చుని స్కానర్‌లో ఇంజిన్ నడుస్తుండగా మారే అంకెలు చూశారు. ఎత్తు మీద పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ అడుగుతున్న గాలి ఒత్తిడి 2.2 బార్ దగ్గర ఉంటే, వస్తున్నది 1.4 దాటలేదు. బయటి గాలి ఒత్తిడే సుమారు 1 బార్ కాబట్టి, టర్బో వల్ల కలవాల్సిన దానిలో మూడో వంతే మిగులుతోందన్నమాట. అదే తెర మీద కామన్ రైల్‌లో (పంపు నుంచి వచ్చిన డీజిల్ ఒత్తిడితో నిలిచే గొట్టంలో) డీజిల్ ఒత్తిడి అడిగినంతా వస్తోంది. ‘పంపు జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి’ అన్నారు. నిజానికి పంపు మార్చాలన్న మాట తప్పని ఆ ఒక్క చూపుతో తేలిపోయింది.

తర్వాత టర్బోకు గాలి వెళ్లే పైపు ఊడదీసి, లోపలి ఇరుసును వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూశారు. కదల్లేదు. అటూఇటూ అతి కొద్దిగా ఊగడం మామూలే, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులు ఉండకూడదు అని చూపించారు. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. ఇక మిగిలింది టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే లావుపాటి రబ్బరు పైపులు. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. ఆయన కిందినుంచి చేయి పోనిచ్చి తడిమారు. వేళ్లకు నూనె, దుమ్ము కలిసిన నల్లటి జిడ్డు అంటింది. క్లిప్ అంచున పైపును గట్టిగా నొక్కితే వేలెడు పొడవున చిరుగు తెరుచుకుంది, వదిలితే మూసుకుంది. ఇంజిన్ నిలకడగా తిరుగుతుంటే అది మూసుకునే ఉంటుంది. లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుని గాలి బయటికి పోతుంది. అందుకే ఖాళీ బండిలో నాకు తెలియలేదు. ఇంకో సంగతి: ఆ చిరుగు మీద ఎవరో గతంలో సందులు మూసే గ్యాస్‌కెట్ పేస్ట్ పూశారు. అది ఎండి, పెచ్చులు లేచి ఉంది.

అంటే ఈ లోపం నాకంటే ముందే ఎవరికో తెలుసు. దీన్ని స్కానర్ కూడా బలపరిచింది. కోడ్లు తుడిచిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కంప్యూటర్ లెక్క పెట్టుకుంటుంది. అందులో కనిపించిన దూరం, నేను కొన్న నాటి నుంచి నడిపిన దూరం దాదాపు ఒకటే. కొనేవారికి ఇంతకంటే ఉపయోగపడే అంకె మరొకటి లేదని నా అభిప్రాయం. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో ఈ లెక్క పది, ఇరవై దగ్గర ఉంటే, అమ్మేముందే ఎవరో తుడిచారన్నమాట. బ్యాటరీ తీసిపెట్టడం వల్ల కూడా కొన్ని బండ్లలో ఇది సున్నా కావచ్చు. అప్పుడైనా ఎందుకు తీశారో అడగండి, జవాబు పొసగకపోతే బేరం ఆపేయండి. చవక స్కానర్ పరికరాలు ఫోనుకు కలిపి వాడేవి దొరుకుతాయి. చాలావాటిలో ఈ అంకె కనిపిస్తుంది.

పైపు మార్చి, క్లిప్పులు కొత్తవి వేసినందుకు పడిన ఖర్చు ఆ 60 వేలలో చిన్న భాగం కూడా కాదు. కానీ కథ అంతటితో ముగియలేదు. ఇంజిన్ కొలుచుకున్న గాలిలో కొంత దారిలోనే పోతుంటే, డీజిల్‌కు సరిపడా గాలి అందక మసి ఎక్కువ పుడుతుంది. పాత బండ్లలో అది నల్లపొగగా వెనకనుంచి కనిపించేది, డ్రైవరుకు వెంటనే తెలిసేది. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. పొగ బయటికి రాదు, మసి మొత్తం దానిలో పేరుకుంటుంది. దాన్ని కాల్చేయడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ పంపి పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచుకుంటుంది. మాటిమాటికీ ఇలా జరిగినా, మధ్యలో బండి ఆపేసినా, కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. నా బండిలో ఆయిల్ గేజీ పుల్ల గుర్తుకు పైన చూపించింది, ఆయిల్ డీజిల్ వాసన కొట్టింది. ఆయిల్ పెరిగింది కదా అని సంతోషించే విషయం కాదది. పలచబడిన ఆయిల్ బేరింగులను, టర్బోను నిజంగానే తినేస్తుంది. ఆయిల్ మార్చి, షెడ్డులోనే డీపీఎఫ్‌ను కాల్చి శుభ్రం చేయించాక బండి కుదుటపడింది. ఆ షెడ్డు మాట విని కొత్త టర్బో వేయించి ఉంటే, చిరిగిన పైపు అలాగే ఉండి ఘాట్ మీద మళ్లీ అదే జరిగేది.

కొందరు అమ్మకందారులు ఇంకా ముందుకు వెళ్లి, మూసుకుపోయిన డీపీఎఫ్ లోపలి భాగాన్ని పగలగొట్టి తీసేసి, లైటు రాకుండా కంప్యూటర్ ప్రోగ్రాం మార్పిస్తున్నారు. దీన్ని కనిపెట్టడం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. డీపీఎఫ్ సరిగా ఉన్న బండిలో వేలికి మసి పెద్దగా అంటదు. చిక్కగా నల్లగా అంటితే అది తీసేసిందో, పగిలిందో. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. ఆ చిక్కు ఆర్సీ మీద పేరున్న మీకే చుట్టుకుంటుంది.

నడిపి చూసేటప్పుడు ఖాళీ బండితో బజారు చుట్టి రావడానికి ఒప్పుకోకండి. లోడు వేయించి, ఫ్లైఓవరో గుట్టో ఏదో ఒక ఎత్తు మీద పై గేరులో పూర్తిగా తొక్కి చూడండి. బానెట్ వైపు నుంచి ‘ఉస్’మని గాలి పోతున్న చప్పుడు వస్తుందేమో అద్దాలు దించి వినండి. లోడు వేయనివ్వని వ్యాపారి దగ్గర నేనైతే ఇక ఎప్పటికీ కొనను.

డబ్బు పోయినవారికి ఒక మాట. ‘అది వ్యాపారానికి వాడే బండి, వినియోగదారుల కోర్టు వర్తించదు’ అని అమ్మినవారు బెదిరిస్తారు. నన్నూ అలాగే అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, స్వయం ఉపాధితో జీవనం సాగించడానికే కొన్న వస్తువైతే కొన్నవారు వినియోగదారులే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నేను వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు పంపాను. పేస్ట్ పూసిన ఆ పాత పైపును కవరులో కట్టి దాచాను. మీరు కూడా మార్చిన భాగాన్ని షెడ్డులో వదిలేయకండి. స్కానర్ తెరను ఫోటో తీసేటప్పుడు, ఓడోమీటర్, తేదీ కూడా అదే ఫోటోలో పడేలా చూసుకోండి, అదీ ఎవరినీ కోడ్లు తుడవనివ్వకముందే.