స్పైన్ కోసమే వదల్లేకపోతున్నాను: థీసిస్ అట్టకు లాటెక్, మూడేళ్ల వాడకం తర్వాత

థీసిస్ అట్ట పనిలో ప్రాణం తీసేది స్పైన్, అంటే ముందట్టకూ వెనకట్టకూ మధ్య ఉండే వెన్ను. గైడు దిద్దుబాట్లు, సర్టిఫికెట్లు, అచ్చయిన వ్యాసాల నకళ్లు చేరేసరికి 212 షీట్లున్నది 238 అవుతుంది. 75 జీఎస్ఎం కాగితం రీము, అంటే 500 షీట్లు, దాదాపు 5 సెంటీమీటర్ల మందం. ఆ లెక్కన 26 షీట్లు పెరిగితే స్పైన్ 2.6 మిల్లీమీటర్లు లావెక్కుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో చేసిన అట్టయితే ముందట్ట మీద ఉన్న ప్రతి ముక్కనూ, మడత గీతలనూ చేత్తో జరపాలి. ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకటి పాతచోటే ఉండిపోతుంది. లాటెక్ అంటే పేజీ ఎలా ఉండాలో ఆదేశాలుగా రాస్తే పీడీఎఫ్ చేసిచ్చే సాఫ్ట్‌వేర్. అందులో అట్టల కోసమున్న బుక్‌కవర్ క్లాసు వాడితే స్పైన్‌విడ్త్ (స్పైన్ వెడల్పు) దగ్గర 21.2 మిల్లీమీటర్లు తీసేసి 23.8 కొట్టడమే. ముందట్ట, వెనకట్ట, మడత గుర్తులు, కోత గుర్తులు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అనంతపురంలో మూడేళ్లుగా ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం)కైనా జేఎన్‌టీయూకైనా అట్టలు దీంతోనే చేస్తున్నాను. ఈ ఒక్క సుఖం చాలు నాకు.

లాటెక్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాములు రకరకాలు. తెలుగు శీర్షికకు వాటిలో పీడీఎఫ్‌లాటెక్ పనికిరాదు, జీలాటెక్ వంటిదానితో కంపైల్ చేయాలి. ఫాంట్లను ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో ఫాంటు పేరు పక్కన స్క్రిప్ట్ తెలుగు అని తప్పక రాయాలి. అది మరిస్తే ‘కృష్ణదేవరాయ’లో ణ ఒత్తు కిందికి దిగదు, పొల్లు ష పక్కన పూర్తి ణ నిలబడుతుంది. వరుసల మధ్య ఎడం కూడా లాటెక్ మామూలుగా ఇచ్చేది చాలదు. 24 పాయింట్ల శీర్షికకు 36 నుంచి 38 పాయింట్ల ఎడం ఇస్తేనే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడకుండా ఉంటాయి. శీర్షిక ఎక్కడ విరగాలో మనమే చెప్పడం మేలు.

అసలు దెబ్బ తగిలేది ప్రింటింగ్ షాపులో. మన కంప్యూటర్లో ముత్యంలా కనిపించిన పీడీఎఫ్‌ను అక్కడి ఆపరేటరు నేరుగా ప్రింటు తీయడు, కోరల్‌డ్రాలో తెరుస్తాడు. పెద్ద షీటు మీద అట్టలు పేర్చుకోవాలి కాబట్టి వాళ్లకది అలవాటు. తెరిచేటప్పుడు కోరల్ ఒక ప్రశ్న అడుగుతుంది: అక్షరాలను టెక్స్ట్‌గా తీసుకోవాలా, కర్వ్స్‌గానా (గీసిన గీతలుగానా) అని. టెక్స్ట్ అన్నాడంటే పని అయిపోయినట్టే. పీడీఎఫ్‌లో ఉండేది ఫాంటులోంచి ఏరిన అక్షర రూపాలు. ఒత్తు రూపానికి విడిగా యూనికోడ్ సంఖ్య ఉండదు. కోరల్ వాటిని తిరిగి అక్షరాలుగా పోల్చుకోబోయి, అదే ఫాంటు ఆ షాపులో లేక, ఇంకోటి తగిలిస్తుంది. ‘విశ్వవిద్యాలయం’లో వ ఒత్తు ఎగిరిపోతుంది, ‘ద్యా’ రెండు ముక్కలవుతుంది. ఇంగ్లీషు వరుసలు మాత్రం చెక్కుచెదరవు. అందుకే ఆపరేటరు కంట పడదు. లామినేషన్ అయ్యాక చూసుకుంటే అయిదు కాపీల అట్టలూ పోయినట్టే. నాకు ఒకసారి సరిగ్గా ఇలాగే పోయాయి.

దీనికి మందు గోస్ట్‌స్క్రిప్ట్ అనే పీడీఎఫ్ మార్పిడి ప్రోగ్రాము. పీడీఎఫ్‌రైట్ డివైస్‌తో, నోఅవుట్‌పుట్‌ఫాంట్స్ అనే ఆప్షన్ పెట్టి ఫైలును ఒకసారి తిరగతీస్తే అక్షరాలన్నీ గీతలుగా మారిపోతాయి. తర్వాత పీడీఎఫ్ రీడర్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ జాబితా చూడాలి. అది ఖాళీగా ఉంటేనే షాపుకు పంపాలి. నేరుగా ప్రింటు తీసే షాపైతే స్కేల్ దగ్గర ‘ఫిట్’ కాకుండా ‘యాక్చువల్ సైజ్’ ఉందో లేదో చూడండి. ఫిట్ పెడితే మొత్తం అట్ట కుంచించుకుపోయి స్పైన్ లెక్క వృథా అవుతుంది. గీతలుగా మార్చిన ఫైలుతో ఒక ఇబ్బంది ఉంది. షాపులో నిలబడి ‘డాక్టర్’ను ‘ఆచార్య’గా మార్చమంటే కుదరదు. బ్రౌజర్లో లాటెక్ నడిపే ఓవర్‌లీఫ్‌లో ఫాంటు ఫైలుతో సహా ప్రాజెక్టు పెట్టుకుంటే ఫోన్లోనైనా దిద్దవచ్చు గానీ, గోస్ట్‌స్క్రిప్ట్ కోసం మళ్లీ ల్యాప్‌టాప్ కావాలి.

స్పైన్ దానంతటదే సర్దుకుంటుందన్నాను. అది వెడల్పు వరకే. దాని మీది పేరు మన కంటికి మధ్యలో ఉండదు. లాటెక్ అక్షరాల పెట్టెను కొలిచి ఆ పెట్టెను మధ్యలో పెడుతుంది. ‘రమణ’కు కింద ఒత్తు లేదు, ‘కృష్ణ’కు ఉంది. పై నుంచి కిందికి చదివేలా తిప్పినప్పుడు ఒత్తు ఎడమవైపు వస్తుంది కాబట్టి, ఒత్తున్న పేరులో అసలు అక్షరాలు కుడికి తోసుకుపోతాయి. బీరువాలో రెండు థీసిస్‌లు పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లాటెక్‌లో బొమ్మలు గీసే టిక్జ్ ప్యాకేజీ నోడ్‌లో (అక్షరాలుండే పెట్టెలో) టెక్స్ట్ డెప్త్‌ను సున్నా చేసి, 16 పాయింట్ల అక్షరానికి టెక్స్ట్ హైట్‌ను 4 మిల్లీమీటర్లకు కట్టేస్తే అసలు అక్షరాలు మధ్యలో నిలుస్తాయి.

హార్డ్ బైండింగ్‌కు షీట్ల లెక్క ఒక్కటే చాలదు. రెండు అట్టల మందం కూడా స్పైన్‌కు కలపాలి. కుట్టి నొక్కిన కట్టను స్కేలుతో కొలవడమే నమ్మకం. అట్ట తెరుచుకునే గాడికి 7, 8 మిల్లీమీటర్లు పోతుంది. దాన్ని కవర్ వెడల్పులో కలిపి, శీర్షికను అందులో సగం, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు కుడికి జరపాలి. లేకపోతే శీర్షిక స్పైన్ వైపు ఒరిగినట్టుంటుంది.

రెగ్జిన్ మీద బంగారు అక్షరాల సంగతి వేరు. ఇక్కడ నేనెరిగిన బైండర్ల దగ్గరున్న అచ్చులు ఇంగ్లీషువే. తెలుగుకు బ్లాకు చేయించాలి, దానికి నూటికి నూరు శాతం నలుపు ఫైలివ్వాలి. రామభద్ర వంటి లావు ఫాంటు తెరమీద దర్జాగా ఉంటుంది గానీ, చిన్న సైజులో ‘ష్ట్ర’ లోపలి సందులు ఫాయిల్‌తో పూడిపోయి ముద్ద కడతాయి. మండలి ఫాంటు నయం. దానికి బోల్డ్ లేదని, అక్షరాన్ని కృత్రిమంగా లావు చేసే ఆటోఫేక్‌బోల్డ్ పెడితే మళ్లీ అదే ముద్ద. బోల్డ్ ఊసు ఎత్తకుండా సైజు రెండు పాయింట్లు పెంచుకుంటే సరిపోతుంది.

థీసిస్ లోపలి పేజీలు కూడా లాటెక్‌లోనే ఉన్నవాళ్లకు ఇది హాయి. నాది ఆ కోవే. తెలుగు శాఖలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో టైపు చేయించుకున్నవాళ్ల సంగతి అలా కాదు. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, శీర్షిక కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి, మళ్లీ టైపు చేసుకోవడమే తేలిక. ఒక్క అట్ట కోసమైతే వాళ్లు ఇదంతా నేర్చుకోనక్కర్లేదు, డీటీపీ ఆపరేటరు పక్కన ఒక పూట కూర్చుంటే పనైపోతుంది. షీట్ల లెక్క తేలాకే కూర్చోండి.